మందు రాని వీధి

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు ఇంటికి వచ్చి, "మేడం, ఫీల్డులో ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. నేను పశువుల డాక్టరుగా ఉద్యోగమంతా కనిగిరి, చంద్రశేఖరపురం, కంభం, గిద్దలూరు చుట్టూనే తిరిగి రిటైరైనదాన్ని. ఆ రోజు వాళ్లకు టీ ఇచ్చి, ఎండలో టోపీ పెట్టుకోండని చెప్పి పంపేశాను. అసలు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, రిపోర్టుల సంగతి ఎవరైనా చెబుతారు. నేను ఒక్క ఊరి సంగతే చెబుతాను.

ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే రెండు వీధులవాళ్లూ మా ఇంటికొస్తారు, అదీ వేరువేరు ఆటోల్లో.

డాక్టరు ఎప్పుడొస్తాడు?

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. చేరిన కొత్తలో ఆస్పత్రి గుమ్మంలో నేను నిలబడి ఉంటే, "డాక్టరు యాడికి పోయినాడమ్మా?" అని నన్నే అడిగేవాళ్లు. "నేనే డాక్టరు" అంటే, "అది సరేలేమ్మా, మగ డాక్టరు ఎప్పుడొస్తాడు?" అనేవాళ్లు. అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి ఒకసారి బయటికి లాగాక ఆ ప్రశ్న ఆగిపోయింది. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. "మా ఆయనకు గూడ నువ్వే చూడమ్మా, పెద్దాస్పత్రి దూరం" అని మొదలుపెట్టారు. ఆయన ఆడే ఆటలకు గొడ్ల మోతాదే సరిపోతుందని కొందరు ఆడవాళ్ల నమ్మకం. నేను ఒప్పుకోలేదు. ఒకరిద్దరి విషయంలో మాత్రం కొంచెం ఆలోచించాను.

ఒక ఊరు, రెండు సర్కార్లు

నేను చెప్పే ఊరు కంభం నుంచి గిద్దలూరు పోయే దారిలో లోపలికి, కొండల వైపు ఉంటుంది. ఎగువ వీధి, దిగువ వీధి, పక్కన కాస్త ఎడంగా క్రైస్తవుల పాలెం. ఎగువ వీధికి పెద్ద నారాయణ సారు, రిటైరైన హెడ్మాస్టరు. మాంసం వద్దు, సారాయి వద్దు, యూరియా వద్దు, ఇంగ్లీషు వైద్యం వద్దు, ఆకు పసరుతో, ఆవు పేడతో మనిషీ భూమీ బాగుపడతాయని ఆయన సిద్ధాంతం. దిగువ వీధికి పెద్ద ఓబులేసు, గొర్రెలకాపరి. ఎవరికేది కావాలంటే అది చేసుకోవాలి, జాతరకు పొట్టేలు తెగాలి, రాత్రికి డప్పు మోగాలి అని ఆయన సిద్ధాంతం. ఓబులేసు చిన్నప్పుడు నారాయణ సారు దగ్గరే చదివాడు. చదివాడంటే, బడికి వెళ్లాడు.

ఒక ఏడాది జాతరకు కట్టేసిన పొట్టేలు తాడు తెంపుకుని, పసుపు పూసిన నుదురుతో, మెడలో పూలదండతో ఎగువ వీధికి పోయి సారు వంగతోటలో పడింది. జీవహింస తప్పించుకుని శరణు కోరి వచ్చింది, ఇచ్చేది లేదన్నారు ఎగువవాళ్లు. మా దేవర సొత్తు ఇమ్మని దిగువవాళ్లు పోయారు. శరణు కోరిన పొట్టేలు ఈ లోపల వంగతోట పూర్తిగా తినేసింది. మాటా మాటా పెరిగి కట్టెలు లేచాయి. ఇద్దరికి తలలు పగిలాయి. పోలీసులు వచ్చారు.

అప్పుడు రచ్చబండ మీద నారాయణ సారే ఒక ఉపాయం చెప్పాడు. నేను ఆ రోజు పొట్టేలుకు కడుపుబ్బరం తగ్గించడానికి వచ్చి అక్కడే ఉన్నాను.

"ఒకే ఊరు, ఒకే కట్టుబాటు అన్నంత కాలం ఈ తన్నులాట తప్పదు. ఎవరి వీధికి వాళ్లే సర్కారు. మా నియమాలు మావి, మీవి మీవి. మా నియమం నచ్చనోళ్లు మీ వీధికి పోవొచ్చు, మీది నచ్చనోళ్లు మా వీధికి రావొచ్చు. మన ఊరిని చూసి రేపు జిల్లా నేర్చుకుంటాది, ఎల్లుండి దేశం నేర్చుకుంటాది" అన్నాడు సారు.

"దేశం సంగతి తర్వాత. ముందు మా పొట్టేలు మాకు ఇప్పిచ్చండి సారూ" అన్నాడు ఓబులేసు.

ఇప్పించారు. సిమెంటు రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశారు. కుళాయి వేరు, గొడ్ల నీళ్ల తొట్టి వేరు, మైకు వేళలు వేరు. దిగువ వీధికి నియమమే లేదు, అదే వాళ్ల నియమం. ఎగువ వీధి మొదట్లో ఒక బోర్డు పెట్టారు: "ఈ వీధిలోకి మందు రాకూడదు. తెచ్చినవారు వీధి విడిచి పోవలెను."

ఆ బోర్డు కోసం అందరికంటే గట్టిగా నిలబడింది ఆడవాళ్లు. సారు భార్య సుభద్రమ్మ ముందుండి ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. సారాయి అమ్మే బెల్టుషాపు అప్పటిదాకా ఎగువ వీధిలోనే ఉండేది. మందు అంటే వాళ్లకు అదే. నారాయణ సారుకు మాత్రం సారాయీ మందే, పురుగు మందూ మందే, నా సూదిమందూ మందే. ఎవరు ఏ మందుకు చేయెత్తారో ఆ రోజు ఎవరూ అడగలేదు.

ప్రశాంతత

నిజం నిజంగా చెప్పాలి. ఏర్పాటు పనిచేసింది. మరుసటి జాతర ఒక్క తిట్టు లేకుండా జరిగింది. ఎగువ వీధిలో సాయంత్రం పూట ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని నవ్వుకోవడం నేను మొదటిసారి చూశాను. మా పై అధికారికి ఈ ఊరంటే ఎంత ఇష్టమైపోయిందంటే, మీటింగుల్లో ఉదాహరణగా చెప్పేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే.

"ఎగువ వీధి వాళ్లు టీకా వద్దంటే వదిలెయ్యమ్మా. వాళ్ల సిద్ధాంతం వాళ్లది. మనమెందుకు మధ్యలో?" అన్నాడు నాతో.

"సార్, గాలికుంటు వస్తే?"

"గీత ఉందిగా" అన్నాడు.

గాలికుంటు మీకు తెలిసిందే. నోట్లో, గిట్టల్లో పుండ్లు, తీగలు తీగలుగా చొంగ, మేత ముట్టదు, నడవదు. లేగదూడలైతే నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోతాయి. పేరులోనే గాలి ఉంది. మా అధికారి ఆ పేరు ఎన్నో వేలసార్లు రాసి ఉంటాడు, ఒక్కసారీ చదివినట్టు లేడు.

కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడ ఒక మాట. ఊరు ప్రశాంతంగా ఉందని పైవాళ్లు మెచ్చుకుంటే మీరు పోయి ఇంకోసారి చూసిరండి.

చుట్టంచూపు

టీకాలు వేసే రోజు మా అటెండరుతో కలిసి దిగువ వీధికి పోయాను. స్వేచ్ఛ ఉన్న వీధి కదా, సగం మంది స్వేచ్ఛగా వద్దన్నారు. సూదేస్తే పాలు తగ్గుతాయని ఒకడు, ఈ రోజు మంచిరోజు కాదని ఒకడు, నిద్రొస్తోందని ఒకడు. మిగతా వాటికి వేశాం. ఊరి ఆబోతు మిగిలింది. అది రెండు వీధులకూ ఉమ్మడి. ఆస్తులన్నీ పంచుకున్నారుగానీ దాన్ని పంచేంత ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అది ఎక్కడ పడుకుందో చూడండి. సరిగ్గా సున్నం గీత మీద. తల ఎగువ వీధిలో, తోక దిగువ వీధిలో. నెమరేస్తోంది.

నారాయణ సారు గీతకు అవతల నిలబడి, "అమ్మా, మా వీధిలో సూదికి చోటు లేదు" అన్నాడు.

ఓబులేసు ఇవతల నిలబడి ఆబోతును కింది నుంచి పైకి చూశాడు. "తల మీది కావొచ్చు సారూ. తొడ మాది. అమ్మా, తొడకు ఎయ్యి."

మెడకు వేయాల్సిన సూదే గానీ, పడుకున్న ఆబోతు మెడ దగ్గరికి పోయే సరదా నాకూ లేదు. తొడకు వేశాను. అది లేచి నా అటెండరును రెండిళ్ల దాకా తరిమి, మళ్లీ వచ్చి అక్కడే పడుకుంది.

సారు ముఖం ఎర్రబడింది. "ఏందిరా ఓబులేసూ, తొడకేసిన మందు తలకాయ దాకా పోదా?"

ఓబులేసు నా వైపు తిరిగాడు. "పోతాదా అమ్మా?" అని నన్నడిగాడు. పోతుందన్నాను. "అట్లయితే సారు చెప్పేది గూడ కరెక్టే" అన్నాడు. నా ఉద్యోగంలో రెండు పక్షాలూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు, అదే ఆఖరు.

తిరిగి వస్తుంటే పాలెం దగ్గర కరుణమ్మ ఆపింది. కూలిపని చేసుకునే మనిషి, ఒక బర్రె ఉంది. ఊరు చీలినప్పుడు పాలెంవాళ్లను ఏదో ఒక వైపు చేరమన్నారు. "రెండు వీధుల్లోనూ మాకు కూలి ఉండాది. మేం ఏ వైపూ కాదు" అని వాళ్లు ఊరుకున్నారు. కరుణమ్మ అయితే ఇంకా గట్టిగా చెప్పింది: "సారాయి వద్దనేది ఎగువోళ్ల మాట, నాకది కావాల. సూది ఏపిచ్చుకోవచ్చనేది దిగువోళ్ల మాట, నాకదీ కావాల. ఇల్లు గీత మీద కట్టుకోవాల్నా, ఆబోతు మాదిరి?"

ఆ రోజు ఆమె, "అమ్మా, మా ఇంటికి చుట్టాలొచ్చినారు. కొంచెం చూసిపో" అంది.

చర్చి గోడ వెనక ఖాళీ స్థలంలోకి తీసుకుపోయింది. అక్కడ వరసగా బర్రెలు. కరుణమ్మది ఒక్కటి, మిగిలినవన్నీ ఎగువ వీధివి. ఒక్కో బర్రె వెనక ఒక్కో ఆడమనిషి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, చూపులు ఎటో పెట్టుకుని.

"బర్రెలు గూడ చుట్టంచూపుకు పోతాయా?" అన్నాను.

"ఎందుకు పోవమ్మా? ఒక్క చోటే ఉంటే వాటికీ తోచదు గదా."

అందరి చివర సుభద్రమ్మ ఉంది. బోర్డు పెట్టించిన సుభద్రమ్మ. నా వైపు చూడకుండా, "బర్రె పాలతోనే పెద్దాయనకు కాఫీ ఇయ్యాల. పసరుతో కాఫీ కాదు గదమ్మా. కానీయ్, తొందరగా ఎయ్యి" అంది.

వేశాను. బర్రెలు ఆడవాళ్ల చేతిలోవి కాబట్టి వచ్చాయి. ఎద్దులు, ఆవులు మగవాళ్ల చేతిలోవి కాబట్టి నియమనిష్ఠలతో ఎగువ వీధిలోనే ఉండిపోయాయి.

కషాయం

తర్వాత కొన్ని నెలలకు సంతలో కొన్న కోడె ఒకటి దిగువ వీధికి జబ్బు మోసుకొచ్చింది. మంచిరోజు కాదన్నవాడి గొడ్లకు, నిద్రొచ్చినవాడి గొడ్లకు ముందు తగులుకుంది. తొట్లు వేరు కదా అనుకుంటున్నారు, వారం తిరక్కుండా గీత దాటింది. ఎగువ వీధిలో ఎద్దులు నోళ్లు తెరిచి చొంగ కారుస్తూ నిలబడ్డాయి. నారాయణ సారు ఎద్దులు రెండూ పడకేశాయి.

ఆయన వాటి పక్కనే చాప వేసుకుని కూర్చున్నాడు. చేత్తో జావ తాగించబోతే అవి నాలుక కదల్చలేక తల తిప్పుకుంటున్నాయి. ఆయన కళ్లు వాచి ఉన్నాయి. నోటి పుండ్లకు రాయడానికి నేను బోరిక్ పొడి కలుపుతుంటే, "అది మందేనా అమ్మా?" అన్నాడు.

"ఇందులో తేనె కూడా ఉంది సారూ."

"తేనెకైతే ఒప్పుకుంటా" అన్నాడు.

ఇంకా జబ్బు తగలని ఆవులకు, దూడలకు వెంటనే టీకా వెయ్యాలి. ఆ మాట అడిగేసరికి సారు లేచి నిలబడ్డాడు. "అక్కర్లేదమ్మా. నా దగ్గర రుజువు ఉండాది. మా బర్రెను చూడు. ఎద్దుల పక్కనే కట్టేసినా ఏమీ కాలేదు. నెల నుంచి నేను దానికి వేపాకు, పసుపు కషాయం పోయిస్తాండా. ఎద్దులకు పోయడం ఆలస్యమైంది, అదే నా పొరపాటు."

ఆయన వెనక గుమ్మంలో సుభద్రమ్మ నిలబడి ఉంది. నేనూ ఆమే ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె లోపలికి పోయింది.

నేను వెనకాలే పోయాను. "చెప్పండమ్మా" అన్నాను.

"ఎట్ల చెప్పేది? సూదికి సందిస్తే సారాయికి సందిచ్చినట్లే. నియమం ఒక్కసారి విరిగిందా, రేపే షాపు మళ్లీ ఈ వీధికొస్తాది. ఈ వీధిలో ఆడోళ్లు తన్నులు లేకుండా పడుకునేది ఇప్పుడేనమ్మా. ఎన్ని గొడ్లు పోయినా నేను చెప్పను."

ఆమె భయంలో తప్పేమీ లేదు. నేనూ సారుకు చెప్పకుండా వచ్చేశాను. వీధంతా సారు ఇంటి నుంచి కషాయం చెంబులతో పోసుకుపోయింది.

మర్నాడు పొద్దున ఎదురింటి చెన్నమ్మ లేగదూడ చచ్చిపోయింది. కషాయం పోసిన దూడే. చెన్నమ్మ దాన్ని గోనెపట్టా మీద వేసి వీధి వెంట లాక్కుపోతుంటే, నోరంతా పుండ్లైన తల్లి ఆవు కుంటుకుంటూ వెంట నడిచింది. సారు ఇంటి ముందు చెన్నమ్మ ఆగింది. ఏడవకుండా, కోపం లేకుండా అడిగింది: "సారూ, కషాయంలో నేను ఏం తక్కువ ఏసినా?"

సారు నోరు విప్పేలోగా సుభద్రమ్మ బయటికొచ్చింది.

"నువ్వేం తక్కువ ఏయలే చెన్నమ్మా. మా బర్రె కషాయం తాగిందీ లేదు, దాంతో బతికిందీ లేదు. ఆ కషాయమంతా ఎరువుదిబ్బలో పోసినా. బర్రెకు నేను పాలెంలో సూది ఏపిచ్చినా."

ఎవరో మెల్లగా, "మేం గూడ" అన్నారు. ఇంకో ఇంటి నుంచి, "మేం గూడ." అరుగుల మీద నుంచి, వాకిళ్ల నుంచి ఒక్కొక్కరే. లెక్క చూస్తే ఎగువ వీధిలో నియమం నిజంగా పాటించినవాళ్లు చెన్నమ్మ, నారాయణ సారు, ఆయన రెండు ఎద్దులు.

సారు ప్రవాసం

బోర్డు ప్రకారం మందు తెచ్చినవాళ్లు వీధి విడిచి పోవాలి. ఆ లెక్కన వీధంతా పోవాలి. మగవాళ్లు తలలు గోక్కున్నారు. నారాయణ సారు ఇంట్లోకి పోయి, రెండు పంచెలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"నియమం పెట్టింది నేను. నా ఇంట్లోనే తప్పింది. నేను పోతాండా" అని, గీత దాటి నేరుగా ఓబులేసు ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అటు పోయిన పూటే ఎగువ వీధిలో ఆరోగ్యంగా ఉన్న గొడ్లన్నింటికీ సుభద్రమ్మ దగ్గరుండి టీకాలు వేయించింది. ఆ తర్వాత అక్కడ ఇంకో దూడ పోలేదు.

ఓబులేసు కష్టాలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి. నేను దిగువ వీధిలో గిట్టలు కడుగుతుంటే వచ్చి వాపోయాడు. "అమ్మా, వారం దాటింది, మా ఇంట్లో పప్పూ, ఆకుకూరే. సారు ముందర కోడిని కొయ్యాలంటే చెయ్యి లేస్తలేదు. మా ఆడది ఇదే బాగుందంటాంది. తొందరగా సారును తీసకపొమ్మని సుభద్రమ్మకు చెప్పమ్మా."

బోర్డు పెట్టాక దిగువ వీధికి మారిన బెల్టుషాపువాడు ఇంకా అధ్వానంగా ఉన్నాడు. వాడూ సారు శిష్యుడే. సారు అరుగు మీద నుంచి చూస్తుంటే సీసా బయటికి తీయలేక, పగలంతా తలుపు మూసుకుని లోపలే కూర్చున్నాడు. కట్టుబాటు లేని వీధిలో సారాయి మానిపించింది ఒక ముసలాయన చూపు.

చివరికి సుభద్రమ్మ, చెన్నమ్మ, కరుణమ్మ కలిసి వచ్చారు. కరుణమ్మ ఏ వీధిదీ కాదు కాబట్టి ముందు నడిచింది.

"మా మీద కోపమా?" అంది సుభద్రమ్మ.

"అబద్ధం ఆడినారు" అన్నాడు సారు.

"ఆడినా. నిజం చెబితే మీరు పంపించేస్తారని ఆడినా. నిజం చెప్పినోళ్లను పంపించే వీధిలో ఇంకేం మిగుల్తాది? అబద్ధాలు ఆడేవాళ్లే గదా?"

సారు ఎద్దులు ఎట్ల ఉన్నాయని అడిగాడు. ఒకటి లేచి మేత ముట్టిందని చెప్పింది. సంచి తీసుకుని లేచాడు.

ఆ సాయంత్రం బోర్డు మీద "మందు" అనే మాట కొట్టేసి "సారాయి" అని రాశారు. "తెచ్చినవారు వీధి విడిచి పోవలెను" అనేది తీసేసి, "తెచ్చినవారు సుభద్రమ్మతో మాట్లాడవలెను" అని పెట్టారు. వెనకటి శిక్షే నయమని మగవాళ్లు గొణిగారు.

నేను అనుకునేది

ఎవరి గుంపుకు వాళ్లే రాజ్యమైతే సమాజంలో గొడవలు పోతాయని ఈ రోజుల్లో చదువుకున్న కుర్రాళ్లు గట్టిగా వాదిస్తుంటారు. నేను కొట్టిపారేయను. జాతర రోజు తలలు పగలడం ఆగింది, అది చిన్న సంగతి కాదు. కానీ గీతకు ఒకే వైపు ఉన్నవాళ్లంతా ఒకే మనసున్నవాళ్లని నమ్మితే మోసపోతాం. పదిమంది ఒక నియమానికి చేయెత్తుతారు, పది కారణాలతో. వీధుల మధ్య ఉండే కొట్లాట ఇళ్ల మధ్యకు, ఇంట్లో వంటింటికీ వరండాకూ మధ్యకు వస్తుంది. అక్కడ పోలీసులు రారు. ఆ ఊరు నిలబడింది గీత వల్ల కాదు, ఏ వైపూ చేరని పాలెం వల్ల. మీరు పోయే ఊళ్లో అట్లాంటి చోటు ఎక్కడుందో ముందు కనుక్కోండి. పై అధికారి వదిలెయ్యమన్న వీధిని మాత్రం వదలకండి.

రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరు పోయాను. కుళాయిలు ఇంకా వేరే. జాతర దిగువనే జరుగుతోంది, భజన ఎగువనే. నారాయణ సారు బాగా ముసలాయన అయిపోయాడు, వాదన మాత్రం పడుచుగానే ఉంది.

"సారూ, ఊరిని రెండు చేసుకోవడం తప్పేనంటారా?" అని అడిగాను.

"తప్పు కాదమ్మా. చాల్లేదు, అంతే. వీధి దగ్గర ఆపకూడదు, ఇంటింటికీ చెయ్యాల. మా ఇంట్లో ఇద్దరం ఉంటిమి. అప్పుడే ఇక్కడ గూడ రెండు సర్కార్లు పెట్టుకునుంటే ఆ అబద్ధం పుట్టేదే కాదు."

లోపల బియ్యం ఏరుతున్న సుభద్రమ్మ చేట దింపకుండానే అంది: "రెండెందుకు? పెళ్లైన కాడి నుంచీ ఇంట్లో ఉండేది ఒకటే సర్కారు. మీకు చెప్పలేదంతే."